ఆర్లీన్ పేరు పెట్టిన స్టీరింగు

మూడు రోజులుగా వాన. పెన్సిల్వేనియాలో అక్టోబరు పాత కార్ల సంత అంటే ఇంతే, బురదలో కాళ్లీడ్చుకుంటూ తిరగడం. డెబ్బై నాలుగేళ్ల ఒంటికి ఇంకా ఈ పిచ్చేమిటో! నా బల్ల ముందు ఒక అట్ట: "మీ స్టీరింగు ఏ కారుదో తెలియదా? ఆర్లీన్‌ను అడగండి." ముప్ఫై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. పొద్దుటి నుంచి పద్నాలుగు చూశాను. తొమ్మిది ట్రాక్టర్లవి, ఒకటి పడవది. ఆ పడవదాని ఆసామి నాతో అరగంట వాదించి నా ప్రాణం తీశాడు.

మధ్యాహ్నం డెల్బర్ట్ అనే నడివయసు రైతు గోనెసంచిలో చుట్టి ఇంకొకటి తెచ్చాడు.

"పెద్దమ్మా, కోళ్ల షెడ్డు కూలుస్తుంటే దొరికింది. కాస్త చూసిపెడతారా?"

"ఓపిక లేదయ్యా. సరే, పెట్టు అక్కడ."

సంచి విప్పగానే నా నిద్రమత్తు వదిలింది. బండిచక్రానికి ఉన్నట్టు నాలుగు ఇత్తడి ఆకులు, వాల్‌నట్ చెక్క చట్రం, దాని అడుగున వేళ్లు ఆనడానికి గంట్లు. ఇలాంటిది నా జన్మలో ఒక్కటే చూశాను. పదకొండేళ్ల కిందట నా స్నేహితుడు క్లేటన్ మస్సర్ తెస్తే, ఇది 1909 కోర్విన్ కారుదని నేనే చెప్పాను. సంతకం పెట్టి రాసిచ్చాను కూడా. అతని కోర్విన్‌కు అప్పటికి తక్కువైంది స్టీరింగు ఒక్కటే.

డెల్బర్ట్ తెచ్చినదానికి కింది కడ్డీ కూడా ఉంది. కడ్డీ మీద ఇత్తడి బిళ్ల, దాని మీద 'హాల్‌స్టెడ్' అని వేరే కార్ల కంపెనీ పేరు. అంటే క్లేటన్‌కు నేను చెప్పింది తప్పు. ఆకులు చూసి మోసపోవద్దు, కడ్డీ దూరే నడిమి రంధ్రం కొలవండి అని ఊరందరికీ చెప్పేదాన్ని, ఆ రోజు నేను కొలవలేదు.

రేపు పొద్దున క్లేటన్ కారు పాత కార్ల పోటీలో జడ్జీల ముందుకు వెళుతుంది. ఆ తరవాత మ్యూజియానికి, నా చీటీతో సహా. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే ముప్ఫై ఏళ్ల నా మాట బురదలో కలుస్తుంది.

తిట్టుకుంటూనే లేచాను.

క్లేటన్ తన కారు పక్కన మడతకుర్చీలో కూర్చుని కోడి సూపు తాగుతున్నాడు.

"మొహం అలా వేలాడేశావేం? మళ్లీ ఆ పడవవాడా?"

"క్లేటన్, నీ స్టీరింగు కోర్విన్‌ది కాదు. హాల్‌స్టెడ్‌ది. తప్పు చెప్పాను."

అతను ఇంకో చెంచా తాగాడు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"బిగించిన రోజే తెలుసు. కడ్డీ మీద కుదురుగా కూర్చోలేదు. రేకు ముక్క చుట్టి బిగించాను."

"పదకొండేళ్లా! నీ నోట్లో నాలుక లేదా? నేను ఊరంతా టముకు వేసుకుంటుంటే పక్కన నిలబడి తలూపావు కదయ్యా!"

"మీ ఆయన వెర్నన్ పోయి అప్పటికి నాలుగు నెలలు. నువ్వు ఎవరితోనూ మాట్లాడేదానివి కాదు. దీన్ని చూసి 'కోర్విన్!' అని చిన్నపిల్లలా అరిచావు. ఆ అరుపు విన్నాక ఎలా చెప్పమంటావు?"

ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది. జాలిపడ్డాడు నా మీద!

"ఇంకోసారి జాలిపడ్డావంటే చంపేస్తాను."

"ఎనభై రెండు నాకు. త్వరగా కానియ్యి."

కారుతో పాటు ఉంచిన పాత చీటీ చించేసి కొత్తది రాశాను. 'ఇది హాల్‌స్టెడ్ స్టీరింగు. కోర్విన్ అని చెప్పిన తప్పు ఆర్లీన్ గ్రాఫ్‌ది. క్లేటన్ మస్సర్‌కు మొదటి రోజే తెలుసు.'

అతను కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"ఆ చివరిది కొట్టెయ్. తెలిసి తెలిసి ఇన్నేళ్లూ అందరినీ మోసం చేశానంటారు."

"చేశావుగా."

"చేశాను. నీకోసం."

అంత మాట అతని నోట ఎన్నడూ వినలేదు. చీటీ మోకాలి మీద పెట్టుకుని చివరి వాక్యం కనబడకుండా కొట్టేశాను. తప్పు దగ్గర నా పేరొక్కటే ఉంచాను.