మూటలకో లైసెన్సు, మనుషులకో లైసెన్సు

లారీ యార్డులో అందరూ ఆమెను డ్రైవరమ్మ అనేవారు. ఎంత ఇరుకు సందులోనైనా లారీని ఒక్క గీత పడకుండా వెనక్కి పెట్టగలదు, ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడానికి మొహమాటమూ లేదు. అంతటి మనిషి ఒకరోజు ఇంటికొచ్చి, ఇక టౌను బస్సు నడుపుతానని ప్రకటించింది.

కారణం కూతురు. సరుకు వేసుకుని బయలుదేరితే వారానికి గానీ ఇల్లు కనబడదు. దాంతో ఆ పిల్ల ఒళ్ళు వెచ్చబడినా, పుస్తకానికి అట్ట వేయాలన్నా నాయనమ్మనే పిలవడం మొదలుపెట్టింది. తల్లి ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, నాయనమ్మే. బస్సయితే ఏ రోజుకారోజు ఇల్లు చేరవచ్చు.

"ఇన్నేళ్ళు లారీ తోలినదానివి, మళ్ళీ పరీక్షేంటే?" అంది అత్తగారు.

"కారుకొకటి, సరుకు లారీకొకటి, జనం ఎక్కే బస్సుకొకటి అత్తయ్యా. కళ్ళు చూపించుకోవాలి, దెబ్బ తగిలినవాళ్ళకి కట్టు కట్టడం నేర్చుకోవాలి, ఆ తర్వాత బస్సు నడిపి చూపించాలి."

"మనుషుల్ని మొయ్యడానికి ఇంత తతంగమా? నీ మొగుణ్ణి తొమ్మిది నెలలు మోశాను. నన్నెవరూ లైసెన్సు అడగలేదు."

మిషను మీద చొక్కా కుడుతున్న మొగుడు నవ్వు ఆపుకోలేక కుట్టు వంకర పోనిచ్చాడు.

పరీక్ష రోజున బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆమె వెనక సీట్లో కూర్చున్నాడు. బస్సు డిపో పనివాళ్ళు నలుగురు ప్రయాణికుల్లా ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. బస్సు ఆమె చెప్పినట్టల్లా విన్నది. ఇదీ ఒక పరీక్షేనా అనుకుందామె. అలా అనుకున్న కాసేపటికే కొంప మునిగింది.

రెండో స్టాపులో వాళ్ళలోని ఒక ముసలి మెకానిక్కు ఎక్కుతుంటే అతని చేతిలోని టిఫిను డబ్బా బస్సు రేకుకు రెండుసార్లు ఠపాఠపా తగిలింది. లారీ యార్డులో లోడు ఎక్కించాక హమాలీలు వెనకనుంచి రేకు మీద రెండు దెబ్బలు వేస్తారు. ఇక పోనివ్వమని దానర్థం. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు వింటే చాలు, ఆమె కాలు దానంతటదే కదిలేది. ఇప్పుడూ కదిలింది. తలుపు తెరిచే ఉంది, మెకానిక్కు ఒక కాలు ఇంకా నేలమీదే ఉంది.

మరుక్షణం బ్రేకు తొక్కింది. అతను కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "నాకేం కాలేదమ్మా" అన్నాడు గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎందుకు కదిలించారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. "ఫెయిలని రాయండి సార్. నేనైనా అదే రాస్తాను. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

బతిమాలుతుందనో ఏడుస్తుందనో అనుకున్నట్టున్నాడు, ఆయన కాస్త తడబడి, "వచ్చే నెల" అన్నాడు.

ఆ నెలంతా యార్డులో దెబ్బలు పడ్డ ప్రతిసారీ ఆమె లారీ దిగి, చుట్టూ తిరిగి, తన కళ్ళతో చూసుకున్నాకే కదిలించింది. హమాలీలకు ఇది పెద్ద వేడుకైంది.

"ఏం డ్రైవరమ్మా, మా దెబ్బ మీద నమ్మకం పోయిందా?"

"మీ మీద కాదురా, నా కాలి మీద పోయింది" అనేది ఆమె, ఏమాత్రం సిగ్గుపడకుండా.

రెండోసారి పరీక్షలో ఎక్కినవాళ్ళు కూర్చునేదాకా అద్దంలో చూసి, తలుపు మూసి, అప్పుడు బస్సు కదిలించింది. ఇన్‌స్పెక్టరు పాసని సంతకం పెట్టాడు.

బస్సు డ్యూటీ మొదలైన రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు నేలమీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

"అమ్మా, రేపు జడలు నువ్వే వెయ్యి. నాయనమ్మ గట్టిగా లాగుతుంది."

"ఇన్నాళ్ళు లేంది ఇప్పుడు లాగుతున్నానా?" అని అత్తగారు సణిగింది.

రేపు ఉంటావా అని ఆ పిల్ల అడగనేలేదు. డ్రైవరమ్మ చెంబెడు నీళ్ళు తాగి, మామూలుగా మాట్లాడగలనని నమ్మకం కుదిరాక అడిగింది.

"ఎన్నింటికి లేపమంటావే?"