విడి తలుపున్న గది

ఆ ఊళ్లో హోటల్ లేదు. కొండ ఎక్కడానికీ, చెరువులో పడవ షికారుకీ వచ్చేవాళ్లు ఊరివాళ్ల ఇళ్లలోనే దిగేవారు. ఇంటికో గది అతిథులకని కేటాయించుకుని, ఎవరొస్తే ఎవరింటికి పంపాలో వంతులవారీగా సంఘం పెట్టుకుని చూసుకునేవారు. రిటైరైన పోస్టుమాస్టరు దానికి పెద్ద.

వడ్రంగి తన ఇంటి గదికి వీధివైపు విడిగా తలుపు పెట్టాడు. స్నానాలగది కూడా అందులోనే కట్టాడు. ఇక వచ్చినవాళ్లంతా ఆ గదే కావాలనేవారు. పక్కింట్లో ఉండే, వడ్రంగి భార్య తోడికోడలికి ఒళ్లు మండింది. "వంతు మాది, మనుషులు అక్కయ్య ఇంటికి. ఇంత సొగసుకి సంఘమెందుకు?" అని మీటింగులోనే అడిగేసింది. వడ్రంగి భార్యా ఊరుకోలేదు. ఆ రోజునుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పాలన్నా గోడకి చెప్పినట్టు గట్టిగా అనుకోవడమే. తోడికోడలి మొగుడు, లారీ నడిపే మరిది మాత్రం ఇంటికొచ్చినప్పుడల్లా రెండిళ్లలోనూ టీ తాగి, రెండు వైపులా చీవాట్లు తినేవాడు.

ఇంతలో మాయదారి రోగం వచ్చిపడింది. బస్సులు ఆగిపోయాయి. ఉతికి మడతపెట్టిన దుప్పట్లు అలాగే ఉండిపోయాయి. కొండ చూపించే కుర్రాళ్లు కూరగాయల మళ్లు తవ్వారు. పడవవాడు వలేసి, పడిన చేపలు ఇంటింటికీ పంచాడు.

పోస్టుమాస్టరు అందర్నీ బడి ఆవరణలో దూరదూరంగా కూర్చోబెట్టాడు. "పట్నంనుంచి మనవాళ్లు తిరిగొస్తున్నారు. గదులన్నీ ఖాళీగానే ఉన్నాయిగా, కొన్నాళ్లు విడిగా వాటిలో ఉంచుదాం."

"జబ్బు మనిషి పడుకున్న గదని తెలిస్తే రేపు ఎవడు దిగుతాడండీ?" అన్నారెవరో.

ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. వడ్రంగి భార్య కూడా తల వంచుకుని ఇంటికొచ్చేసింది. ఆ గదే వాళ్లకి అన్నం పెట్టేది మరి.

ఆ సాయంత్రమే మరిది లారీ ఊరి మొదట్లో ఆగింది. దగ్గుతూ దిగి, ఊళ్లోకి రాకుండా అక్కడే కూలబడ్డాడు. వాళ్ల ఇంట్లో గదికి వంటింట్లోంచే దారి. ఇంట్లో చంటిపిల్ల ఉంది. తోడికోడలు గుమ్మంలో నిలబడి అటే చూస్తోంది. ఆవిడ అడగలేదు. అడగదని వడ్రంగి భార్యకి తెలుసు. ఆ మొహం చూశాక లోపలికి పోయి కూర్చోవడం ఆమెవల్ల కాలేదు. కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని బయల్దేరింది.

"ఏమయ్యా, లారీలోనే కాపురం పెడతావా? వీధి తలుపు తీసిపెట్టాను. పోయి పడుకో."

"రేపు ఆ గదికి ఎవరూ రారేమో వదినా."

"రాకపోతే నేనే పడుకుంటాను. నడు."

జ్వరం బాగానే పీడించింది. ఆమె గుమ్మం బయట పీటమీద గంజి పెట్టి, దూరంగా జరిగి, అతను తీసుకునేదాకా నిలబడేది. ఒకరోజు ప్రహరీ అవతలనుంచి వినిపించింది.

"అక్కా, ఏమైనా తిన్నాడా?"

"తిన్నాడు. ఉప్పు లేదని తిట్టాడు కూడా."

"తిట్టాడంటే గండం గడిచినట్టే," అని నవ్వబోయి, తోడికోడలు భోరుమంది. వడ్రంగి భార్య గోడ దాటి వెళ్లలేక, "ఊరుకోవే, ఊరుకో," అంటూ ఇవతలే నిలబడింది.

మర్నాటికి పోస్టుమాస్టరు తన ఇంటి గది తీశాడు. తర్వాత ఒక్కొక్కరూ తీశారు. అందరూ గట్టెక్కారని కాదు. పడవవాడి తల్లికి గది దొరికింది గానీ ఊపిరి నిలబడలేదు.

బస్సులు మొదలయ్యాక పట్నంనుంచి ఫోన్లొచ్చాయి. "మీ గదుల్లో ఎవరైనా జబ్బుపడ్డారా?"

పోస్టుమాస్టరు దాచలేదు. "పడ్డారండి. మేమే చూసుకున్నాం."

చాలామంది ఫోన్ పెట్టేశారు. చాన్నాళ్లు ఊళ్లోకి కొత్త మొహం రాలేదు. రెండిళ్లవాళ్లు విసిగి సంఘంలోంచి తప్పుకున్నారు. చివరికి ఒకావిడ మాత్రం, "అయితే మాకేమైనా అయినా చూస్తారన్నమాట," అని ముసలి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది.

ప్రయాణం బడలికతో పెద్దావిడ వడ్రంగి ఇంటి గదిలో మధ్యాహ్నందాకా నిద్రపోయింది. వీధిలో పిల్లలు గోలచేస్తుంటే తోడికోడలు బయటికొచ్చి కసిరింది.

"ష్... ఊళ్లోకి మనుషులొచ్చార్రా!"