ఇదిగో అనే ఆవిడ

మమ్మల్ని వంతెన దాటించడానికి లారీలు వస్తున్నాయని మొదట చెప్పినవాడు రేడియో. అతను మంగలి. మేమందరం తలదాచుకున్న నూలుమిల్లు గోడౌన్‌లో అతని అసలు పేరు ఎవరూ అడగలేదు. ఏ వార్తయినా అందరికంటే ముందు చెప్పేవాడు కాబట్టి రేడియో అన్నాం. చెప్పిన వాటిలో సగం జరిగేవి కావు, అందుకు కూడా ఆ పేరే సరిపోయింది.

"లారీలు వస్తున్నాయి పెద్దమ్మా. అవతలి ఒడ్డున గంజి కాదట, గట్టి తిండి పెడతారట."

"నిన్ననే కదయ్యా వంతెన కూలిపోయిందన్నావు?"

"అది నిన్నటి వార్త."

ఆ పూటే మిల్లు బయటికి మైకు బండి ఒకటి వచ్చింది. ఎవరూ కదలొద్దు, లోపలే ఉండండి అని చెప్పి పోయింది. కాసేపటికి ఇంకో బండి వచ్చి సామాన్లు సర్దుకోండి, పిల్లలున్న కుటుంబాలు ముందు గేటు దగ్గరికి రండి అంది. రెండు బండ్లదీ ఒకే రంగు. ఏది ఎవరిదో తెలియదు. నదికి ఇవతలి సైన్యం ఒకటి, అవతలి సైన్యం ఒకటి. మా ఊళ్ళోకి ముందు ఎవరొచ్చారో, తర్వాత ఎవరొచ్చారో నాకు ఇప్పటికీ కలగాపులగమే. ఇద్దరూ మా మంచికే వచ్చామన్నారు. పోతూ పోతూ ఇద్దరూ మా గింజలు పట్టుకుపోయారు.

మేం ముగ్గురం. నేను, నా కోడలు, బుజ్జి. కోడలు బట్టలు కుట్టే కార్ఖానాలో కాజాలు కుట్టేది. నా కొడుకు బస్సుల మెకానిక్కు. ఊరు విడిచి వస్తుంటే దారిలో ఆపి, బండి ఒకటి బాగుచెయ్యాలి, సాయంత్రానికల్లా పంపేస్తాం అని తీసుకుపోయారు. ఏ సాయంత్రానికో చెప్పలేదు.

బుజ్జి మాకేమీ కాదు. దొరికిన పిల్ల. ఎలా దొరికిందో కూడా సరిగ్గా చెప్పలేను. సంతలో పిండి పంచుతున్నారంటే వెళ్ళి నిలబడ్డాం. వరస కదలకముందే ఎక్కడో పేలింది. ఒకటే దుమ్ము. అరుపులు, గోనెసంచులు తొక్కుకుంటూ జనం. కోడలు చేతిలో ఎవరిదో చెయ్యి ఉంది, నాదే అనుకుని పరిగెత్తింది. నేను ఆమె వెనకాల పరిగెత్తాను. కాలువ గట్టు దగ్గర ఆగి చూసుకుంటే ఆమె చేతిలో ఒక పిల్ల చెయ్యి ఉంది. అయిదేళ్ళుంటాయేమో. ఏడవడం కూడా లేదు, నోరు తెరుచుకుని మమ్మల్ని చూస్తోంది.

"అదే పట్టుకుంది అత్తయ్యా, నేను కాదు," అంది కోడలు.

మర్నాడు అడిగితే, "ఏమో, నేనే పట్టుకున్నానేమో," అంది. మళ్ళీ అడగలేదు నేను. సంత వైపు తిరిగి వెళ్ళాం కూడా. దారికి అడ్డంగా తుపాకులు పెట్టుకుని కూర్చున్నారు, పోనివ్వలేదు.

గోడౌన్‌లో దూదిపెట్టెలు అడ్డం పెట్టుకుని ఎవరి జాగా వాళ్ళు చేసుకున్నారు. మా జాగా పెద్ద మిషను కింద. అక్కడ కూర్చుని ఆ పిల్లని అడగని ప్రశ్న లేదు.

"నీ పేరేంటే?"

"బుజ్జి."

"అది ముద్దు పేరు. అసలు పేరు?"

"బుజ్జే."

"మీ అమ్మ పేరు?"

"అమ్మ."

"సరే, మీ నాన్న మీ అమ్మని ఏమని పిలుస్తాడు?"

కాస్త ఆలోచించింది. "ఇదిగో," అంది.

"మరి మీ అమ్మ మీ నాన్నని?"

"ఏవండీ."

"మీ ఇల్లెక్కడ తల్లీ?"

"మెట్ల పక్కన."

రేడియో పొట్ట పట్టుకుని నవ్వాడు. "మైకులో చెప్పిస్తాను పెద్దమ్మా. ఇదిగో అనే ఆవిడ ఎక్కడున్నా వెంటనే మిల్లు దగ్గరికి రావలెను. వచ్చేటప్పుడు ఏవండీ గారిని కూడా వెంటబెట్టుకుని రావలెను!"

అందరం నవ్వాం. ఆ నవ్వు చూసి బుజ్జి కూడా నవ్వింది. కోడలు మాత్రం ఇటు తిరిగి ఒకసారి నవ్వి, అటు తిరిగి పడుకుంది.

చలి పోయి ఎండలొచ్చాయి. గంజి రోజుకో పూటే. ఒక్కోరోజు అదీ లేదు, తవుడు కలిపిన వేడినీళ్ళు పోసేవారు. కోడలు తన సత్తుగిన్నెలో పైతేట తాగి, అడుగున ఉన్న నాలుగు మెతుకులు పిల్లకి వదిలేది. "నువ్వు తినవమ్మాయ్, నీ కాళ్ళు చూసుకో, అగ్గిపుల్లల్లా ఉన్నాయి," అంటే, "నాకు ఆకలిగా లేదత్తయ్యా," అనేది. అంత కరువులో ఆకలి లేదన్న మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాను. నేను ఆ మాట అనలేకపోయాను.

లారీల వార్త ఈసారి నిజమే అయింది. గేటు దగ్గర వరసలో మా వెనకే నిలబడ్డ రేడియో నా చెవి దగ్గరికి వంగాడు.

"పెద్దమ్మా, సొంతవాళ్ళు లేని పిల్లల్ని వేరే లారీ ఎక్కిస్తున్నారట. మీ మనవరాలని చెప్పెయ్యండి. గొడవ వదిలిపోతుంది."

"ఈ వార్తయినా నిజమేనా?"

"నా వార్తలు ఎప్పుడైనా..." అని, తనే ఆగిపోయాడు.

కోడలు నా వైపు చూసింది. నేను పిల్లని దగ్గరికి తీసుకున్నాను. "బుజ్జీ, ఎవరైనా అడిగితే ఈమె మా అమ్మ, ఈమె మా నాయనమ్మ అని చెప్పు."

"ఎందుకు?"

"ఊరికే."

తలూపింది. ఆ తలూపడం చూసి మేం ధైర్యం తెచ్చుకున్నాం.

గేటు పక్కన వాచ్‌మన్ గదిలోకి ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. గోడకి పనివాళ్ళ టైం కార్డులు పెట్టే చెక్క గూళ్ళున్నాయి, వాటిలో ఇప్పుడు మందు సీసాలు. ఒక కాలు విరిగిన బల్లకి కింద ఇటుకలు పేర్చారు. దాని వెనక నీలం కోటు వేసుకున్న అమ్మాయి కూర్చుంది, సహాయ సంస్థ నుంచి వచ్చిందట. కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

"ఆ పిల్ల మీకేమవుతుంది పెద్దమ్మా?"

"మనవరాలు. నా కొడుకు కూతురు." తడబడకుండానే చెప్పాను. నాకే ఆశ్చర్యం వేసింది.

తర్వాత కోడల్ని పిలిచారు. ఆ తర్వాత పిల్లని. లోపల చాలాసేపు ఉంచారు. తలుపు తెరుచుకుని నీలం కోటు అమ్మాయి బయటికొచ్చినప్పుడు ఆమె ముఖంలో ఇందాకటి మర్యాద లేదు. పిల్లని తన వెనక్కి పెట్టుకుంది. తుపాకీవాడొకడు వచ్చి మాకూ పిల్లకీ మధ్య నిలబడ్డాడు.

"ఈ పిల్లకి పెళ్ళి చేశారా మీరు?"

నాకు అర్థం కాలేదు. "ఎవరికి?"

"ఈ పసిదానికి. మీరెవరని అడిగితే అత్తయ్య అంటోంది. మళ్ళీ మళ్ళీ అడిగాను. అత్తయ్యే అంటోంది. ఈమె ఎవరంటే అమ్మాయి అంటోంది. కన్నతల్లిని అమ్మాయి అని ఎవరైనా అంటారా? గుప్పెడు గింజల కోసం పాలుతాగే పిల్లల్ని కోడళ్ళుగా పంపేస్తున్న రోజులివి. నిన్న కూడా ఒకదాన్ని దింపాను లారీలోంచి."

"అయ్యో నా తల్లీ! నాకున్నది ఒక్కడే కొడుకు. వాడికి పెళ్ళాం ఇదిగో, ఈమే. అసలు వాడే లేడు ఇప్పుడు, ఇంకెవరికి చేసుకుంటానమ్మా కోడల్ని?"

ఆ మాట అంటుండగా తట్టింది. పొద్దస్తమానం కోడలు నన్ను అత్తయ్యా అంటుంది. నేనామెని అమ్మాయ్ అంటాను. పిల్లకి మా పేర్లు అవే మరి! మాకు అది ఎంత అలవాటైపోయిందంటే ఎవరు ఎవరిని ఏమంటున్నారో మా చెవికి ఎక్కడం మానేసింది. ఆ సంగతే గబగబా చెప్పాను. వెనకనుంచి రేడియో కూడా అందుకున్నాడు.

"నన్ను రేడియో అంటుందమ్మా ఆ పిల్ల! నేను రేడియోనా చెప్పండి?"

"అంతెందుకు," అన్నాను నేను, "నువ్వు నన్ను పెద్దమ్మా అంటున్నావు. మీ అమ్మకి నేను అక్కనా?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నీలం కోటు అమ్మాయి పెదవులు కూడా కొంచెం కదిలాయి. అంతలోనే ఆగిపోయాయి.

"అంటే, మనవరాలు కాదన్నమాట. మనవరాలైతే నాయనమ్మా అని పిలవడం ఎప్పుడో నేర్చుకునేది."

గెలిచాననుకున్న మాటే నన్ను పట్టిచ్చింది. అప్పుడు కోడలు మాట్లాడింది. సంత, పేలుడు, దుమ్ము, చెయ్యి, అన్నీ చెప్పేసింది.

"ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారు?" అడిగింది నీలం కోటు అమ్మాయి.

"తెలియదు."

"వాళ్ళమ్మ పక్కనే ఉందా అప్పుడు?"

"తెలియదండీ. ఏమీ కనబడలేదు. ఉందేమో."

నీలం కోటు అమ్మాయి కణతలు నొక్కుకుంది. కోపం ఎటో పోయింది, అలసటే మిగిలింది. "చూడండి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళున్నారు, అమ్ముకునేవాళ్ళున్నారు. అందుకే ఇన్ని ప్రశ్నలు. మీరు అలాంటివాళ్ళని నేననుకోవడం లేదు. రెండు దార్లున్నాయి. పిల్ల ఒక్కతే పిల్లల ఇంటికి వెళ్తుంది, అక్కడ మావాళ్ళు చూసుకుంటారు. లేదంటే మీతోనే ఉంటుంది, కానీ మీరు సొంతవాళ్ళు కాదనే రాస్తాను. ఫొటో తీసి ప్రతి శిబిరంలో అంటిస్తాం. తల్లి వస్తే ఇచ్చెయ్యాలి."

"ఇస్తాం తల్లీ. ఎందుకివ్వం?" అన్నాను.

"మీరు కాదు. పక్కలో పడుకోబెట్టుకునేది ఎవరు? ఆమె చెప్పాలి."

కోడలు నేల చూస్తూ నిలబడింది. లారీ హారన్ కొట్టింది. వెనక జనం, ఏంటి ఆలస్యం, ఎక్కితే ఎక్కండి లేకపోతే పక్కకి జరగండి, అని గొణుగుతున్నారు. తుపాకీవాడి చంక కిందనుంచి తల పెట్టి బుజ్జి ఒకసారి నన్నూ ఒకసారి ఆమెనీ చూస్తోంది. తను ఏం తప్పు చెప్పిందో దానికి తెలియడం లేదు.

"చెప్పమ్మాయ్," అన్నాను.

"ఇస్తానని చెప్తే వాళ్ళమ్మ వచ్చేస్తుందత్తయ్యా," అంది నాకు మాత్రమే వినబడేలా.

"రాకూడదా?"

"రావాలి. రాకూడదని నేనెందుకంటాను? ఆమె ఎంత ఏడుస్తోందో! రావాలి." అని, మళ్ళీ, "నాకేం కావాలో నాకు తెలియడం లేదత్తయ్యా," అంది.

నాకు మాత్రం తెలుసా? పిల్ల మాతోనే ఉండాలి. పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి చేరాలి. రెండూ ఒక్క గుండెలో పక్కపక్కనే కూర్చున్నాయి, దేన్నీ లేచి పొమ్మనలేకపోయాను. నా కొడుకుని పట్టుకుపోయినవాడెవడో, వాడిని కూడా ఎవరైనా ఇలా నిలబెట్టి అడిగి ఉంటే బాగుండును. వాళ్ళమ్మ వస్తే ఇచ్చేస్తావా అని.

"ఇస్తాను," అంది కోడలు. గట్టిగానే అంది. వెంటనే, "వచ్చినామె వాళ్ళమ్మేనని ఎలా తెలుస్తుందండీ?" అని అడిగింది.

"పిల్ల చెప్తుంది."

"అది నన్ను అమ్మాయి అంది కదా!"

నీలం కోటు అమ్మాయి పిల్లని గోడవార నిలబెట్టి ఫొటో తీసింది. ఎక్కమంది.

వంతెన ఉంది. రేడియో చెప్పినట్టు కూలిపోనూ లేదు, మైకులో చెప్పినట్టు బాగానూ లేదు. ఒక పక్క సగం ఊడిపోయి, కింద నీళ్ళు కనబడుతున్నాయి. మనుషులందరినీ దింపి నడిపించి, లారీని ఖాళీగా తెచ్చారు. బుజ్జి మా ఇద్దరి మధ్య నడిచింది. ఈసారి ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నామో చూసుకున్నాను.

అవతల ఒక బడి ఆవరణలో దింపారు. గట్టి తిండి కాదు, గంజే. కాకపోతే చిక్కగా ఉంది, గరిటె నిలబడేంత చిక్కగా. గోడవార కూర్చున్నాం. మేం కూర్చున్న వరస వెంట కొందరు ఆడవాళ్ళు తిరుగుతున్నారు. గంజికి వచ్చారనుకున్నాను, కానీ వాళ్ళ చేతుల్లో గిన్నెలు లేవు. పిల్లల ముఖాలు చూసుకుంటూ పోతున్నారు. ఒకామె మా వైపే వస్తోంది.

బుజ్జి గిన్నెలో ముఖం పెట్టి తాగుతోంది. జుట్టంతా ముందుకి పడి ముఖం మూసేసింది. అలా వదిలేస్తే చాలు. ఆమె దాటి వెళ్ళిపోతుంది. మేం మాట తప్పినట్టూ కాదు. ఈ ఆలోచన నాకు వచ్చింది కాబట్టి కోడలికీ వచ్చే ఉంటుంది. ఆమె వంక చూడలేక నా గిన్నెలోకి చూసుకున్నాను.

కోడలు తన గిన్నె నేల మీద పెట్టింది. పిల్ల జుట్టు రెండు చేతులతో వెనక్కి దువ్వి, మెడ దగ్గర పట్టుకుంది.

ఆమె మా ముందు ఆగింది. బుజ్జి తలెత్తింది, మూతి చుట్టూ గంజి. ఇద్దరూ చాలాసేపు చూసుకున్నారు. బుజ్జి నోరు తెరిచింది. ఏ మాట వస్తుందోనని చూశాను. అది తేన్చింది.

"కాదు," అంది ఆమె. ఎవరితో అందో. వేలితో పిల్ల మూతి తుడిచి, పక్క పిల్ల దగ్గరికి వెళ్ళింది.

నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. వెంటనే ఏడుపొచ్చింది. ఆమె కోసమో, మా కోసమో. ఆమె వెనకాల ఇంకొకామె వస్తోంది.

"అత్తయ్యా, గంజి చల్లారిపోతోంది, తాగండి," అంది కోడలు. తన గిన్నె ముట్టుకోలేదు. పిల్ల జుట్టు అలాగే పట్టుకుని కూర్చుంది.