మొక్కుకున్న జీపు

కొల్లాపూర్ చోటే మియాకు లోకంలో రెండే భయాలు. భార్య అజీజా బేగం మొదలుపెడితే ఆగదు, అతని జీపు ఆగితే మొదలవదు.

తొంభై ఒకటిలో ఆ జీపు ఆరు నెలలు మూగనోము పట్టింది. మెకానిక్కులంతా చేతులెత్తేశాక, చోటే మియా అడవిలోని దర్గాకు మొక్కుకున్నాడు. ఇంజను నడిస్తే ఇదే జీపులో మేకను తెచ్చి, కోసి, కందూరు విందు చేసి వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతానన్నాడు. మర్నాడే ఇంజను గర్రుమంది.

తీరా మేకను, వంట డేగిసాను, భార్యను ఎక్కించుకుని వెళ్తే అడవి బాటకు అడ్డంగా కొత్త కర్ర కనిపించింది. ఎద్దుల బండ్లు పోవచ్చు, మోటారు బండ్లు పోరాదని పక్కనే బోర్డు. కావాలంటే నడిచి వెళ్లమన్నాడు ఫారెస్టు గార్డు గుర్వయ్య. మొక్కింది మియానే కానీ రావాల్సింది జీపు. మాట తప్పితే ఇంజను మళ్లీ పడుకుంటుందని, కిరాయిలు లేక ఇంట్లో పొయ్యి ఆరిపోతుందని చోటే మియా నిజంగానే భయపడ్డాడు.

అంతలో సైదులు కట్టెల బండి తోలుకుంటూ వచ్చాడు. చోటే మియా అతన్ని బతిమాలి ఎడ్లను విప్పించి, కాడిని జీపు ముందు మోకుతో కట్టించాడు.

"ఇప్పుడు గిది ఏం బండి, సారూ?" అని గార్డును అడిగాడు చోటే మియా.

గుర్వయ్య బోర్డును రెండుసార్లు చదివాడు. తప్పేమీ దొరకలేదు. అయినా అనుమానం తీరక జీపు తాళంచెవి తీసి తన జేబులో వేసుకుని తానూ ఎక్కి కూర్చున్నాడు. మేక ఆయన ఒళ్లో తల పెట్టింది.

గుట్ట ఎక్కేచోట ఎడ్లు మొరాయించాయి.

"నా ఎడ్లు జీపును గుంజుతయి గని, గవర్నమెంటును గూడ గుంజుమంటే ఎట్ల సారూ? జర దిగుండ్రి," అన్నాడు సైదులు.

గుర్వయ్య దిగాడు. దిగినవాడు ఊరుకోలేక నెట్టాడు కూడా. అందరూ చెమటలు కక్కుతుంటే మేక ఒక్కటే దొరసానిలా కూర్చుని గుట్టెక్కింది.

కందూరు ఘనంగా జరిగింది. గుర్వయ్య మూడుసార్లు వడ్డించుకున్నాడు. సైదులు తిని, కట్టెల బండి గుర్తొచ్చి ఎడ్లతో ముందే వెళ్లిపోయాడు. నిండిన పొట్టతో ఆరు మైళ్లు నడవడం గుర్వయ్య వల్ల కాలేదు. బోర్డు లోపలికి పోవద్దంది గానీ బయటికి రావద్దనలేదని తానే తీర్పు చెప్పి తాళంచెవి ఇచ్చాడు.

చోటే మియా తిప్పాడు. ఇంజను ఉలకలేదు, పలకలేదు.

"మొక్కు తీరింది గద. ఇంక దానికేం ఫికర్," అంది అజీజా బేగం. చోటే మియాకు ఏడుపొక్కటే తక్కువ.

పొదల్లో ఎలుగుబంటి గుర్రుమంది. గుర్వయ్య గబగబా టోపీ తీసి దర్గా వైపు దండం పెట్టాడు.

"బాబా, గిది గిన నడిస్తే, మల్లొచ్చే ఏడు గిదే జీపుల మేకను దెచ్చి నేను కందూరు జేస్త."

ఇంజను గర్రుమంది.

అడ్డకర్ర దగ్గర గుర్వయ్య దిగి, తానే కర్ర ఎత్తి జీపును బయటికి పంపాడు. తర్వాత బోర్డు వైపు చాలాసేపు చూసి, చోటే మియా దగ్గరికి వచ్చాడు.

"మియా, సైదులుకు ఇప్పటిసంది చెప్పిపెట్టు. మల్లొచ్చే ఏడు ఎడ్లు నాకు గావాలె."