చిక్కటి ఆయిలు

ఇంటింటికీ తిరిగి, మంచాన పడ్డవాళ్లకి కట్లు మార్చి ఇంజెక్షన్లు చేసే నర్సు కాబట్టి ఆవిణ్ణి అందరూ సూదమ్మ అనేవారు. ఆవిడ మొగుడు తెల్లారకముందే బేకరీ వ్యాను తీసుకెళ్లి దుకాణాలకి బ్రెడ్డు వేసి వస్తాడు. బతుకంతా పెద్ద పెద్ద డీజిలు బళ్లతోనే గడిపాడేమో, ఇంజను సంగతి తన తర్వాతే ఎవరికైనా తెలుస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

సూదమ్మ కారు చిన్నది. దాని తిరుగుడు కూడా చిన్నదే. ఈ వీధిలో ఆగి, ఆ వీధిలో ఆగి, ఇంజను కాస్త వెచ్చబడేలోపే మళ్లీ ఆపేయాలి. పల్చటి సింథటిక్ ఆయిలే పోయాలని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆవిడ ఆ పేజీ తీసి మొగుడికి చూపించింది కూడా. ఆయన నవ్వేశాడు.

"నీళ్లలాంటి ఆయిలు ఇంజనుకేం ఒంటబడుతుంది? ఆయిలంటే చిక్కగా ఉండాలి" అని, వ్యాను కోసం తెచ్చిన డబ్బాలో మిగిలిన ఆయిలంతా ఆవిడ కారులో పోశాడు. ఖర్చు తప్పిందని మనసులో కాస్త మురిసిపోయాడు కూడా.

చలి ముదిరేసరికి కారు మొరాయించడం మొదలెట్టింది. తాళం తిప్పితే మూలుగుతోందని ఆవిడ చెప్పింది. నడపడం నీకు చాతకావట్లేదన్నాడాయన. మళ్లీ చెప్పింది. మాటిమాటికీ ఆపి తీస్తుంటే ఏ బండైనా అంతేనన్నాడు. నిజానికి రెండోసారి ఆవిడ చెప్పినప్పుడే ఆయనకి లోపల ఎక్కడో చిన్న అనుమానం తగిలింది. చలికి ఆ ఆయిలు మరీ గట్టిపడుతోందేమో అనిపించింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి అలవాటు లేదు. సూదమ్మే తన తప్పేమోననుకుని, క్లచ్చి మీద కాలు పువ్వు మీద పెట్టినట్టు పెట్టడం నేర్చుకుంది.

ఒక పొద్దున ఆయన బ్రెడ్డు వేయడానికి వెళ్లాక ఆవిడకి ఫోనొచ్చింది. పక్షవాతంతో పడుకున్న పెద్దాయనకి మూత్రం గొట్టం ఊడి రక్తం కారుతోందని ఆయన కోడలు ఏడుస్తోంది. ముందు అంబులెన్సుకి చెప్పమని, తను కూడా వస్తున్నానని సూదమ్మ కారెక్కింది. కారు రెండు మూలుగులు మూలిగి ఊరుకుంది. ఇంకోసారి తాళం తిప్పితే ఆ మూలుగు కూడా లేదు. సంచీ భుజానేసుకుని నడకందుకుంది. పల్లంలో రోడ్డు మంచుకి తడిసి ఉంది. అక్కడ జారి, కుడిచెయ్యి కింద పెట్టి పడింది. పెద్దాయన్ని అంబులెన్సువాళ్లు వేళకే తీసుకెళ్లారు, గండం గడిచింది. ఈవిడ మణికట్టు మాత్రం విరిగింది.

ఆస్పత్రిలో పిండికట్టు వేస్తుంటే ఆయన పక్కనే నిలబడ్డాడు. సూదమ్మ మొహం నొప్పికి వాడిపోయి ఉంది.

"మీరు చెబుతూనే ఉన్నారు. నేనే సరిగ్గా నడపక బ్యాటరీ పాడుచేసుంటాను" అంది.

ఆయన దుప్పటి సర్దాడు. అదే దుప్పటిని మళ్లీ సర్దాడు.

ఇంట్లో సాయానికి వదినగారొచ్చింది, అంటే సూదమ్మ అక్క. ఆవిడ నోరు మంచిదే గానీ ఊరుకోదు. "మా మరిదిగారు మెకానిక్కుల్ని తలదన్నేవారు కదా, ఇంట్లో కారుకి ఈ గతేమిటో" అని నవ్వుతూనే అంది. ఆయిలు సంగతి ఆవిడకి తెలియకపోయినా గుమ్మడికాయల దొంగలా ఆయన భుజాలు తడుముకున్నాడు.

కారుని తాడు కట్టి షెడ్డుకి లాక్కెళ్లాడు. మెకానిక్కు ఆయిలు మూత తిప్పి చూపిస్తే, దాని కింద కాఫీరంగు జిగురు పేరుకుని ఉంది. ఇంజను ఎప్పుడూ పూర్తిగా వేడెక్కక లోపలి చెమ్మ ఆవిరవక ఆయిల్లో కలిసి అలా జిగురైందన్నాడు. దానికి తోడు ఆయిలు చలికి బిగుసుకుపోయి, రోజూ ఇంజన్ని తిప్పలేక తిప్పలేక బ్యాటరీ చచ్చింది. ఎవరు పోశారండీ ఇది అని మెకానిక్కు మామూలుగానే అడిగాడు.

"ఎవరో పోశారు" అన్నాడాయన.

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకే సిగ్గేసింది. పెళ్లాం తనది కాని తప్పు నెత్తిన వేసుకుంటే, తను చేసిన తప్పుని ఊరూ పేరూ లేనివాడి మీదకి నెట్టాడు.

ఆయిళ్ల దుకాణానికి పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లాడు. కౌంటరులో అమ్మాయి కారు ఎంతెంత దూరం తిరుగుతుందని అడిగి, రెండు డబ్బాలు ముందు పెట్టింది. రెండూ సింథటిక్కే. ఒకటి పుస్తకంలో రాసినంత పల్చటిది, రెండోది కాస్త చిక్కటిది. ఇంత జరిగినా ఆయన చెయ్యి చిక్కటిదాని మీదకే పోయింది. మూత మీద వేళ్లు పడ్డాక ఎవరో కొట్టినట్టు వెనక్కి లాక్కున్నాడు. పుస్తకంలో ఉన్నదే ఇమ్మన్నాడు. చిన్న దూరాలు తిరిగే కారుకి కిలోమీటర్ల లెక్క చూడొద్దనీ, ఆర్నెల్లకోసారి ఆయిలు మార్చాలనీ, వారానికోసారైనా అలా దూరం తిప్పి తేవాలనీ ఆ అమ్మాయి చెప్పింది. బుద్ధిగా తలూపాడు.

కొత్త బ్యాటరీతో, కొత్త ఆయిలుతో కారు ఒక్క తిప్పుకే లేచింది. ఇంటి ముందు ఆపేసరికి సూదమ్మ గుమ్మంలోకొచ్చి ఆ చప్పుడు విని సంతోషించింది. ఆ తర్వాత లోపల కూర్చుని తన నిర్ణయం చెప్పింది. ఇళ్లకి తిరగడం మానేస్తానంది. క్లినిక్కులో కుర్చీ పని ఏదైనా ఇమ్మని అడుగుతానంది. కారు నడపడం రానిదాన్ని, రేపు నావల్ల ఎవరి ప్రాణమైనా పోతే ఏం చెయ్యనూ అంది.

వదినగారు వంటింట్లో ఉంది, వింటుందని తెలుసు. అయినా ఆయన ఆగలేదు.

"నువ్వు బాగానే నడిపావు. ఆ ఆయిలు నేనే పోశాను. దానివల్లేనని నాకు అప్పుడే అనుమానమొచ్చింది. వచ్చినా నిన్నే అన్నాను."

సూదమ్మ పిండికట్టు చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"ఆయిలు సంగతి వదిలేయండి. తెలియక పోశారు. నాకు చాతకాదని నన్నే నమ్మించారు చూడండి, అది మాత్రం నాకు అరగడం లేదు" అంది నెమ్మదిగా.

అరిచి ఉంటే ఆయనకి తేలికయ్యేది. ఆవిడ అరవలేదు.

సూదమ్మ పని మానలేదు. చెయ్యి బాగయ్యేదాకా ఆయనే వ్యాను పని ముగించుకొచ్చి, సెలవు మీద ఉన్న తన భార్య బదులు వచ్చిన నర్సుని ఇంటింటికీ దింపేవాడు. సూదమ్మ వెనక సీట్లో కూర్చుని, ఏ ఇంట్లో ఎవరికి ఏం చెయ్యాలో ఆ అమ్మాయికి చెప్పేది. ఆయనతో పనికి కావలసినన్ని మాటలే మాట్లాడేది. కట్టు విప్పిన రోజు మాత్రం తాళాలు అడిగి తీసుకుంది.

"ఆదివారం దూరం వెళ్లొద్దాం. నేను నడుపుతాను" అంది.

ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. దారంతా గేర్ల గురించి ఒక్క మాట అనలేదు. మాటలు మళ్లీ ఎప్పటికి మామూలవుతాయో ఆయనకి తెలియదు. అడగడానికి మొహం చెల్లలేదు.