మిట్టమధ్యాహ్నపు మేత

నేను ఒక మేత తొట్టిని. రాజమండ్రిలో ఒక రేకుల దుకాణంలో పుట్టాను. రేకును వంచి, అంచులు మడిచి, కోళ్ళ బోనుల ముందు బారుగా బిగించారు. మొదటి యజమాని కోళ్ళు మానేసి రొయ్యల చెరువులు తవ్వించాడు. అప్పుడు నన్ను అనపర్తి అవతలి ఊళ్ళో బుల్లిరెడ్డి కొన్నాడు.

ఆ ఏడు రోహిణి కార్తెలో గుడ్ల పెంకు పలచబడింది. బోను వాలులో దొర్లుతూనే గుడ్లు పగిలిపోయేవి. కోళ్ళు నోళ్ళు తెరిచి రొప్పేవి. అంతకు ముందు వేసవిలో సగం మంద పోయింది. మిగిలిందీ పోతే షెడ్డు మూసెయ్యాలని బుల్లిరెడ్డికీ తెలుసు, అతని భార్య చంద్రావతికీ తెలుసు.

ఎండకు కోళ్ళ కడుపు చెడుతుందని, మేతలో ఈస్టు పొడి కలిపితే తిన్నది ఒంటపడుతుందని పశువుల డాక్టరు చెప్పాడు. మనుషులు మందు పేరు చివరిదాకా వింటారు. ఏ వేళకు పెట్టాలో చెప్పేసరికి లేచి వెళ్ళిపోతారు. బుల్లిరెడ్డీ అంతే.

ఎండ ముదిరినప్పుడే మందు పడాలని అతని నమ్మకం. మిట్టమధ్యాహ్నం నాలో ఈస్టు కలిపిన మేత పోసి వేళ్ళతో కలియబెట్టేవాడు. మేత కదిలితే ఆకలి లేని కోడి కూడా లేచి పొడుస్తుంది.

"ఈ ఎండలో మీకు ఆవకాయన్నం కలిపిపెడితే కంచం నెట్టేత్తారు. నెట్టడానికి వాటికి చేతుల్లేవండీ," అంది చంద్రావతి.

"నువ్వెప్పుడు డాక్టరువయ్యేవే? మందు దండగైపోద్ది, తిననీ."

"తిన్నది అరగాలంటే ఒళ్ళు వేడెక్కదా?"

"ఈస్టు చలవే," అని నవ్వాడు.

ఒకనాడు గాలి ఆగిపోయింది. అతను కలియబెట్టిన వరసలో కోళ్ళు ఒకదాని తర్వాత ఒకటి నా అంచు మీద తలలు వాల్చాయి. మళ్ళీ ఎత్తలేదు. అతని చెయ్యి చేరని చివరి వరసలో కోళ్ళు రొప్పుతూనే నిలబడి ఉన్నాయి. సాయంత్రం చంద్రావతి చచ్చినవాటిని గోనె మీద వేసి ఈడ్చుకెళ్ళింది. బుల్లిరెడ్డి రెండు వరసలనూ చూశాడు.

మర్నాడు చీకటితోనే ఆమె ఈస్టు కలిపిన మేత పోసింది. ఎండెక్కేసరికి మిగిలింది ఊడ్చేసింది. అతను పైపు పట్టుకుని కప్పు తడుపుతూ నిలబడ్డాడు. మిగిలిన మంద ఆ వేసవి దాటింది. షెడ్డు మూయలేదు.

ఇప్పుడు నేను షెడ్డు వెనక పాత ఇనుములో ఉన్నాను. నా చోటికి మేత పోసే యంత్రం వచ్చింది. వేళలు పెట్టి వదిలేస్తే తనే పోస్తుంది, తనే ఆపుతుంది. దాన్ని బిగించిన రోజు బుల్లిరెడ్డి టైమర్ ముందు కూర్చుని భార్యను పిలిచాడు.

"పొద్దున మేత ఎన్నింటికి ఆపమంటావే?"

"తొమ్మిదికి."

అతను కాసేపు షెడ్డులోకి చూశాడు.

"ఎనిమిదిన్నరకే ఆపేద్దాం," అన్నాడు.