లిఫ్టులో దేవుడు

“రక్తం ఆగట్లేదన్నా, తలుపు తియ్యి!” అంటూ ఆయమ్మ స్ట్రెచరు తోసుకొచ్చేసరికి లిఫ్టుమ్యాన్ స్టూలు మీంచి లేచి అడ్డంగా నిలబడ్డాడు.

స్ట్రెచరు మీదున్నది ఆమె చెల్లెలే. పొద్దున్నే కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది, తల్లికే రక్తం కట్టడం లేదు. ఆపరేషను గదేమో నాలుగో అంతస్తులో ఉంది. “నేను పనిచేసే ఆస్పత్రి, నీకేం భయం” అని పట్టుబట్టి ఇక్కడికి తెచ్చింది ఆయమ్మే.

“నీకు తెలియనిదా చెల్లెమ్మా? పురిటివాళ్లనీ శవాలనీ ఇందులో ఎక్కించొద్దని సూపరింటెండెంటు గారి ఆర్డరు. నా ఉద్యోగం ఊడుతుంది.”

తెలియకేం! లిఫ్టులో దేవుడి పటం పెట్టినప్పుడు, అందరి డబ్బుతో కట్టిన సర్కారు ఆస్పత్రిలో ఒకరి దేవుడెందుకని ఎక్స్‌రే గది ఆయన అడిగాడు. అందరూ పకపకా నవ్వారు. ఆయమ్మా నవ్వింది. పటానికి ఒకరోజు జీతం చందా కూడా ఇచ్చింది. మర్నాటి నుంచీ పురిటివాళ్లను దుప్పట్లో వేసి మెట్ల మీద మోసిందీ ఆమే. నడుం పడిపోతున్నా దేవుడి పనేగా అనుకుంది. దేవుడికి రక్తం గిట్టదని ఎవరు చెప్పారో మాత్రం ఎవరూ అడగలేదు.

“పోనీ, పటం మీద గుడ్డ కప్పన్నా. నీ కాళ్లు పట్టుకుంటా!”

అతను మూసున్న లిఫ్టు తలుపు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. పక్కకు మాత్రం జరగలేదు. ఇక వాదించే టైము లేదు. ఇద్దరు వార్డుబాయిలు, ఆయమ్మ దుప్పటి కొసలు పట్టుకున్నారు.

రెండో అంతస్తు మలుపులో చెల్లెలు “చలేస్తోందక్కా” అంది. మూడో అంతస్తు చేరేసరికి ఏమీ అనలేదు. పరుగున ఎదురొచ్చిన డాక్టరమ్మ నాడి చూసి చెయ్యి వదిలేసింది. “కాస్త ముందు తెచ్చుంటే...” అని నసిగింది.

అప్పుడే పైనుంచి దిగుతున్న లిఫ్టు అక్కడ ఆగింది. లోపల లిఫ్టుమ్యాన్ పక్కన సూపరింటెండెంటు ఉన్నాడు.

“అయ్యో పాపం! దేవుడెలా రాస్తే అలా. మెట్ల మీద కిందికి దించెయ్యండి. ఆ దుప్పటి లిఫ్టుకి తగలనీకండి.”

ఏం చెప్పినా “అలాగేనయ్యా” అనే మనిషి ఆయమ్మ. ఈసారి మాత్రం దుప్పటితో సహా చెల్లెల్ని లాగి, సగం లిఫ్టులో పడుకోబెట్టింది.

“ఏయ్, ఏంటిది? లోపల దేవుడున్నాడు!”

“ఉండనీండి. అంత మైలైతే, ఆయన్నే దిగి మెట్ల మీద రమ్మనండి.”

సూపరింటెండెంటు బటన్ నొక్కాడు. తలుపు మూసుకోబోయి, చెల్లెలి కాళ్లకు తగిలి మళ్లీ తెరుచుకుంది. “చూస్తావేంరా, లాగెయ్ బయటికి!” అని అరిచాడు. లిఫ్టుమ్యాన్ కదల్లేదు. ఆయమ్మ లోపలికొచ్చి, చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలుపు మళ్లీ వచ్చి ఆ కాళ్లకు తగిలింది.